బడి తెరిచేలోపు లెక్కలు ఒకసారి సరిచూద్దాం: మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లల కోసం

తెలుగు రాష్ట్రాల్లో మామూలుగా జూన్ 12 ప్రాంతంలో బడులు తెరుస్తారు. ఆలోపు పిల్లలకు లెక్కలు ఒకసారి తిరగేయిద్దాం అని చాలామంది తల్లిదండ్రులు అనుకుంటారు. మంచిదే, కానీ పాత క్లాసు పుస్తకం తెచ్చి మొదటి పేజీ నుంచి రోజుకు నాలుగు పేజీలు చేయించే పని మాత్రం పెట్టుకోకండి. అలా చేయిస్తే పిల్లలు వచ్చిన లెక్కలే మళ్లీ మళ్లీ చేస్తారు, రానివి జవాబు చూసి రాసేస్తారు, నోట్‌బుక్ నిండుతుంది గానీ తేడా ఎక్కడుందో వాళ్లకూ తెలియదు, మీకూ తెలియదు.

పిల్లలు తప్పు జవాబు ఊరికే రాయరు. దాదాపు ప్రతి తప్పు వెనకా వాళ్లదైన ఒక పద్ధతి ఉంటుంది, అది వాళ్లకు సరిగ్గానే కనిపిస్తుంది, అందుకే అదే తప్పు పదిసార్లు చేస్తారు. ఆ పద్ధతి ఏంటో పట్టుకోవడమే రివిజన్‌లో అసలు పని. దీనికి మీరు లెక్కల్లో దిట్ట కానక్కర్లేదు. కొన్ని చీపురు పుల్లలు, రబ్బరు బ్యాండ్లు, గుప్పెడు చింతపిక్కలు, గళ్ల కాగితం, స్కేలు, సుద్దముక్క, రోజుకు ఒక అరగంట ఓపిక ఉంటే చాలు.

ఐదో తరగతికి వెళ్లే పిల్లకు రెండో తరగతి లెక్క తడబడుతోందని బయటపడితే కంగారుపడకండి. ఇది ఒక్క మీ ఇంటి సమస్య కాదు. కేంద్రం 2021లో నిపుణ్ భారత్ కార్యక్రమం మొదలుపెట్టింది మూడో తరగతి పూర్తయ్యేసరికి పిల్లలందరికీ చదవడం, మామూలు లెక్కలు చేయడం రావాలనే. తెలంగాణలో 2022లో వచ్చిన తొలిమెట్టు కార్యక్రమం కూడా ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లలకు ఈ మొదటి మెట్లు గట్టిచేయడానికే. కాబట్టి తరగతి ఏదైనా సరే, పిల్ల ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే మొదలుపెట్టండి.

ముందు ఒక కాగితం ఇచ్చి చూడండి

పరీక్ష అనకండి, టెన్షన్ పడతారు. "ఇవి చేసి పెట్టు, నువ్వు ఎలా చేస్తావో చూడాలని ఉంది" అనండి చాలు. కాగితం మీద ఇవి రాయండి: వెయ్యి ఐదును అంకెల్లో రాయి. 2,340 రూపాయలకు పది రూపాయల నోట్లు ఎన్ని కావాలి? 402లోంచి 168 తీసెయ్. ఏడు ఎనిమిదులు ఎంత? 612ను 6తో భాగించు. 1/3 పెద్దదా, 1/4 పెద్దదా? ఆ తర్వాత ఒక చతురస్రాన్ని మూల మీద నిలబెట్టినట్టు ఏటవాలుగా గీసి దాని పేరు అడగండి. చివరగా 5 సెంటీమీటర్ల పొడవు, 3 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న దీర్ఘచతురస్రం గీయించి, చుట్టుకొలత ఎంత, వైశాల్యం ఎంత అని అడగండి. మూడో తరగతి పిల్లలకు వైశాల్యం, భిన్నాల పోలిక వదిలేయొచ్చు.

చేస్తున్నంతసేపు మీరు నోరు మెదపకూడదు. ముఖం కూడా మార్చకూడదు, పిల్లలు లెక్క కంటే ముందు మన ముఖం చదువుతారు. అయిపోయాక ప్రతి లెక్క దగ్గరా "ఇది ఎలా చేశావు నాన్నా, నాకు చెప్పు" అని అడగండి. ఒప్పు వచ్చిన లెక్కల దగ్గర కూడా అడగాలి, ఇది మర్చిపోకండి. తప్పుల దగ్గరే అడిగితే, మీరు అడగ్గానే తప్పు అని అర్థమైపోయి గబగబా చెరిపేస్తారు, వాళ్ల పద్ధతి మీకు చిక్కదు. పైగా ఒప్పు జవాబు కూడా ఒక్కోసారి తప్పు దారిలో వస్తుంది.

అక్కడ ఏ లెక్క తడబడిందో కింద ఆ భాగానికి వెళ్లండి. అన్నీ వరసగా చేయించాల్సిన పని లేదు. ఒక్క స్థాన విలువ మాత్రం అందరితోనూ చేయించండి, మిగతావన్నీ దాని మీదే నిలబడ్డాయి.

స్థాన విలువ

వెయ్యి ఐదు రాయమంటే 10005 అని రాసే పిల్లలు చాలామంది ఉంటారు. వాళ్లు విన్నది విన్నట్టు రాశారు: వెయ్యి అంటే 1000, పక్కన ఐదు, రెండూ కలిపితే 10005. వాళ్ల లెక్కలో తర్కం ఉంది, స్థానం లేదు. దీన్ని సరిచేయడానికి అట్టముక్కలు బాగా పనికొస్తాయి. ఒక పొడుగు అట్ట మీద 1000, అంతకంటే పొట్టి అట్ట మీద 100, ఇంకా పొట్టిదాని మీద 10, అన్నిటికంటే చిన్నదాని మీద 5 రాయండి, ఒక్కో అంకెకు ఒకే వెడల్పు ఉండాలి. ఇప్పుడు 1000 మీద కుడి చివర 5 అట్ట పెట్టమనండి. చివరి సున్నా మూసుకుపోయి 1005 కనిపిస్తుంది. ఆ సున్నా కింద అలాగే ఉంది, దాని చోటులో ఐదు కూర్చుంది అని వాళ్లే అంటారు. ఇలాగే 3000, 400, 20, 7 అట్టలు ఒకదాని మీద ఒకటి పెడితే 3427, విడదీస్తే 3000 + 400 + 20 + 7. బడిలో విస్తరణ రూపం అని చెప్పేది ఇదే, చేత్తో నాలుగైదుసార్లు పేర్చి విడదీశాక కాగితం మీద రాయడం కష్టం కాదు.

2,340లో పదులు ఎన్ని అని అడిగితే "నాలుగు" అంటారు. పదుల స్థానంలో ఉన్న అంకె నాలుగే, కానీ మొత్తం పదులు 234. అందుకే కాగితంలో నోట్ల గురించి అడగమన్నాను. నాలుగు అన్న పిల్లతో "అయితే నాలుగు పది నోట్లు ఇస్తే 2,340 రూపాయలు ఇచ్చేసినట్టేనా?" అని అడిగి ఊరుకోండి. వాళ్లే ఆలోచిస్తారు: వందకు పది నోట్లు, వెయ్యికి వంద నోట్లు, రెండు వేలకు రెండు వందలు... ఇక్కడ ఆలస్యమైనా తొందరపెట్టకండి, స్థాన విలువ అర్థమయ్యేది సరిగ్గా ఈ లెక్కలోనే. ముఖ విలువ, స్థాన విలువ తేడా కూడా ఇక్కడే చెప్పేయొచ్చు. 5,372లో 3కి ముఖ విలువ 3, స్థాన విలువ 300.

ఇంగ్లిష్ మీడియం పిల్లలు థర్టీన్, థర్టీ దగ్గర, ఫిఫ్టీన్, ఫిఫ్టీ దగ్గర చాలా తడబడతారు, రెండూ వినడానికి ఒకేలా ఉంటాయి కాబట్టి. అప్పుడు తెలుగులో చెప్పించండి. పదమూడు, ముప్పై, పదిహేను, యాభై. పొరబడే అవకాశమే లేదు. ఇంగ్లిష్ మీడియంలో చదువుతున్నారు కదా, తెలుగులో చెబితే పాడైపోతారేమో అనే భయం అక్కర్లేదు. రెండు రాష్ట్రాల ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లోనూ ఇప్పుడు ఒక పేజీ ఇంగ్లిష్‌లో ఉంటే ఎదురు పేజీ తెలుగులో ఉంటోంది, మీకు తెలియని మాట ఏదైనా ఉంటే అక్కడ చూసుకోవచ్చు.

పెద్ద సంఖ్యల్లో కామాల గురించి ఒక్క మాట. మనం 5,43,210 అని రాస్తాం, కుడి నుంచి ముందు మూడు అంకెలు, తర్వాత రెండేసి. కొన్ని ఫోన్ కాలిక్యులేటర్లలో 543,210 అని కనిపిస్తుంది. సంఖ్య ఒకటే, విడగొట్టే పద్ధతి వేరు. ఐదో తరగతి పిల్లలకు రెండూ చూపించండి, లేదంటే ఫోన్‌లో చూసి లక్షలు వేలు కలిపేస్తారు.

రోజూ నోటితో అడగాల్సినవి: 4,999 తర్వాత ఎంత? 6,000కు ముందు ఎంత? 3,090కి పది కలిపితే? 3,990కి పది కలిపితే? ఇలా ఒక స్థానం నిండి పక్క స్థానానికి వెళ్లే చోట్లే వెతికి అడగాలి. 45 తర్వాత 46 అని చెప్పడంలో కొత్తగా తెలిసేదేమీ లేదు.

తీసివేత: సున్నా దగ్గర ఏం జరుగుతోంది

402 – 168. దీనికి 366 అని రాశారనుకోండి. ఎక్కడి నుంచి వచ్చింది? 2లోంచి 8 పోదు కదా, అందుకని 8లోంచి 2 తీశారు, 6. సున్నాలోంచి 6 పోదు, 6లోంచి సున్నా తీశారు, 6. 4లోంచి 1 పోతే 3. మొత్తం 366. ప్రతి నిలువు వరసలో పెద్ద అంకెలోంచి చిన్నది తీసేయడమే వాళ్ల పద్ధతి. "చిన్నదాంట్లోంచి పెద్దది పోదు" అని ఎవరో ఎప్పుడో చెప్పిన మాటను వాళ్లు నమ్మకంగా పాటిస్తున్నారు. ఈ పిల్లకు ఇంకో ఇరవై తీసివేతలు ఇస్తే ఇరవైలోనూ ఇదే చేస్తుంది.

చీపురు పుల్లలు విరిచి పదేసి కట్టలు కట్టండి, అలాంటి పది కట్టలు కలిపి ఒక వంద కట్ట. మొత్తం 402 పుల్లలు విరవక్కర్లేదు, ఒక వంద కట్ట నిజంగా కట్టి చూపించి, మిగతా వాటికి వంద అని రాసిన చీటీలు పెట్టుకోండి. నేల మీద నాలుగు వందలు, రెండు విడి పుల్లలు. మధ్యలో పదుల చోటు ఖాళీ. "ఇందులోంచి ఎనిమిది పుల్లలు నాకు ఇవ్వు" అనండి. విడిగా ఉన్నవి రెండే. పది కట్ట విప్పుదామంటే పది కట్టే లేదు. ఇక్కడ పిల్లలు ఆగి చూస్తారు, మీరు సాయం చేయకండి. కాసేపటికి చెయ్యి వంద కట్ట మీదకు వెళ్తుంది. దాని రబ్బరు బ్యాండ్ తీస్తే పది కట్టలు వస్తాయి. అందులో ఒక కట్ట విప్పితే పది పుల్లలు. ఇప్పుడు నేల మీద మూడు వందలు, తొమ్మిది పదులు, పన్నెండు విడి పుల్లలు. ఎంత ఉన్నాయని అడగండి, ఇప్పటికీ 402 పుల్లలే అని తెలియాలి. పన్నెండులోంచి ఎనిమిది పోతే నాలుగు, తొమ్మిది పదుల్లోంచి ఆరు పోతే మూడు, మూడు వందల్లోంచి ఒకటి పోతే రెండు. 234.

ఇలా రెండు మూడు లెక్కలు పుల్లలతో చేశాక, పుల్లలు పక్కన ఉంచుకునే కాగితం మీద రాయించండి. పైన సున్నా కొట్టేసి 9 ఎందుకు రాస్తామో చేతులకు తెలుసు కాబట్టి ఇక గుర్తుపెట్టుకోవాల్సిన పని ఉండదు. పక్కవాడి దగ్గర అప్పు తెచ్చుకో అనే మాట ఒక్కటే చెప్పి వదిలేస్తే, పక్కన సున్నా ఉన్నప్పుడు ఎవరి దగ్గర తేవాలో తెలియక ఆగిపోతారు. చివర్లో 234కు 168 కలిపి 402 వచ్చిందో లేదో చూసుకోవడం అలవాటు చేయండి, ఎవరూ దిద్దకుండానే తన లెక్క ఒప్పో తప్పో తనే తేల్చుకోవచ్చు.

ఎక్కాలు: నిజంగా మిగిలేవి ఎన్ని

ఎక్కాలు కంఠస్థం రావాలి, ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు. ఐదో తరగతిలో భాగహారం చేసేటప్పుడు ఏడు ఎనిమిదుల కోసం వేళ్లు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే అసలు లెక్క మర్చిపోతారు. కానీ రెండో ఎక్కం నుంచి పదో ఎక్కం దాకా ఒక పెద్ద కొండలా చూపించి భయపెట్టక్కర్లేదు. 7 × 8, 8 × 7 ఒకటే అని చింతపిక్కలతో చూపించండి: ఏడు వరసల్లో ఎనిమిదేసి పేర్చి, పక్క వైపుకు జరిగి అక్కడి నుంచి చూడమనండి, అవే పిక్కలు ఎనిమిది వరసల్లో ఏడేసి అవుతాయి. ఒకటో ఎక్కం, పదో ఎక్కం నేర్చుకోవాల్సిన పని లేదు. ఇక 2 నుంచి 9 దాకా మిగిలేవి 36 గుణకారాలు. రెండో ఎక్కం, ఐదో ఎక్కం ఎవరికైనా వస్తాయి, అవి తీసేస్తే 21. తొమ్మిదో ఎక్కానికి ఒక దారి ఉంది: పదితో చేసి ఆ సంఖ్యనే ఒకసారి తీసేయడం, ఏడు తొమ్మిదులు అంటే 70లోంచి 7 పోతే 63. అవీ తీసేస్తే మిగిలేవి పదిహేను. 3, 4, 6, 7, 8 అంకెల మధ్య గుణకారాలు, అంతే.

ఆ పదిహేనూ చిన్న చీటీల మీద రాసి, రోజుకు మూడు చీటీలు. వరసలో అప్పజెప్పించడం తప్పు కాదు, రెండు రెళ్ళు నాలుగు అని పాడుకుంటూ నేర్చుకున్నవాళ్లమే మనందరం, కానీ అక్కడితో ఆపితే "ఆరు ఏడులు ఎంత" అన్నప్పుడు ఆరు ఒకట్ల నుంచి మొదలుపెట్టి రావాల్సి వస్తుంది. అందుకే చీటీలు కలిపి అడగాలి. తిరగేసి కూడా అడగండి: 56 ఏ రెండు అంకెల గుణకారం? భాగహారానికి ఈ తిరగేసిన ప్రశ్నే పనికొస్తుంది.

చింతపిక్కలు బయట ఉన్నప్పుడే ఇంకో పని చేయించేయండి. పన్నెండు పిక్కలు ఇచ్చి, వరసలన్నీ సమానంగా ఉండేలా ఎన్ని రకాలుగా పేర్చగలవో చూడు అనండి: ఒకే వరసలో 12, రెండు వరసల్లో ఆరేసి, మూడు వరసల్లో నాలుగేసి. 1, 2, 3, 4, 6, 12. ఇవే 12కు కారణాంకాలు. ఏడు పిక్కలు ఇస్తే ఒకే ఒక్క వరస తప్ప ఇంకెలా పేర్చినా మిగిలిపోతాయి, అది ప్రధాన సంఖ్య. రెండేసి జతలు పెడితే ఏమీ మిగలకపోతే సరి సంఖ్య, ఒకటి మిగిలితే బేసి. 12 లాగా ఇంకో రకంగా కూడా పేర్చగలిగేది సంయుక్త సంఖ్య. 1 ప్రధాన సంఖ్యా కాదు, సంయుక్త సంఖ్యా కాదు, దీన్ని మాత్రం విడిగా చెప్పండి, పరీక్షల్లో చాలామంది ఇక్కడే మార్కు పోగొట్టుకుంటారు.

భాగహారంలో కనిపించకుండా పోయే సున్నా

612 ÷ 6 = 12 అని రాస్తారు. 6లో ఆరు ఒకసారి, 1లో పోదు, అందుకని 2 దించి 12 చేసి, రెండుసార్లు. పదుల చోట సున్నా రాయాలని ఎవరికీ గుర్తుండదు, ఎందుకు రాయాలో తెలియదు కాబట్టి. బొమ్మ నోట్లతో చేయించండి, కాగితాలు కత్తిరించి రాసుకున్నా చాలు. ఆరు వంద నోట్లు, ఒక పది నోటు, రెండు రూపాయి బిళ్లలు, ఆరుగురికి పంచాలి. ఒక్కొక్కరికి ఒక వంద. పది నోటు ఒక్కటే ఉంది, ఆరుగురికి నోటుగా ఇవ్వలేం, అంటే పది నోట్లు ఒక్కొక్కరికి సున్నా. దాన్ని చిల్లర మారిస్తే మొత్తం 12 రూపాయలు, తలా రెండు. ఒక్కొక్కరికి 102.

అంతకంటే ముందు నేర్పాల్సింది అంచనా. "ఆరు వందలు ఆరుగురికి పంచితే ఒక్కొక్కరికి కనీసం ఎంత వస్తుంది?" వంద అని ఎవరైనా చెబుతారు. అలాంటప్పుడు 12 ఎలా అవుతుంది? లెక్క చేసే ముందు జవాబు సుమారుగా ఎంత ఉండాలో ఒక్క మాట చెప్పించడం అన్ని లెక్కల్లోనూ అలవాటు చేయగలిగితే, సగం తప్పులు మీరు చూడకముందే వాళ్లే పట్టుకుంటారు.

భిన్నాలు

మూడు కంటే నాలుగు పెద్దది కాబట్టి 1/3 కంటే 1/4 పెద్దదని పిల్లలు అనుకుంటారు, అనుకోవడంలో వింత లేదు. ఒకే పొడవున్న రెండు కాగితం పట్టీలు తీసుకుని, ఒకదాన్ని మూడు సమాన ముక్కలుగా, ఇంకోదాన్ని నాలుగు సమాన ముక్కలుగా మడిచి, ఒక్కో ముక్క కత్తిరించి పక్కపక్కన పెట్టించండి. ఎక్కువ మందికి పంచితే తలా తక్కువే వస్తుంది. మూడు సమాన ముక్కలుగా మడవడం పిల్లలకు కష్టం, పట్టీ 12 సెంటీమీటర్ల పొడవు తీసుకుంటే 4 సెంటీమీటర్ల దగ్గర, 3 సెంటీమీటర్ల దగ్గర గుర్తు పెట్టుకోవచ్చు.

సమానం అనే మాట మీద గట్టిగా ఉండండి. ఒక వృత్తాన్ని మూడు నిలువు గీతలతో నాలుగు ముక్కలు చేసి, ఒకదానికి రంగు వేసి, ఇది 1/4 అవునా అని అడగండి. ముక్కలు నాలుగున్నాయి కాబట్టి అవును అంటే, భిన్నం ఇంకా అందలేదని అర్థం.

మన ఇళ్లలో భిన్నాలు రోజూ వాడుతూనే ఉంటాం. పావుకిలో 250 గ్రాములు, అరకిలో 500, ముప్పావు 750. పావుగంట 15 నిమిషాలు, అరగంట 30. కూరగాయలకు వెళ్లేటప్పుడు పిల్లల్ని వెంట తీసుకెళ్లి, కిలో 60 రూపాయలైతే ముప్పావుకిలో ఎంత అని అడగండి. పావు 15, మూడు పావులు 45. ఇరవై చింతపిక్కల్లో 3/4 వంతు తీయమన్నా ఇదే దారి: నాలుగు కుప్పలు పెట్టి మూడు కుప్పలు తీస్తే 15. ఐదో తరగతిలో దశాంశాలు ఉన్నవాళ్లకు రూపాయలు పైసల లెక్క ఒక్కటి సరిపోతుంది, 3.05 అంటే మూడు రూపాయల ఐదు పైసలు, 3.5 అంటే మూడు రూపాయల యాభై పైసలు. 3.5 అని కాకుండా 3.50 అని రాసి చూపిస్తే తేడా కనిపిస్తుంది.

జామెట్రీ: పేర్లు చెప్పడం కాదు, కొలిచి గీయడం

ముందు స్కేలు. స్కేలు మీద 1 దగ్గర పెట్టి కొలిచే పిల్లలు ఐదో తరగతిలో కూడా ఉంటారు, ఒకటి నుంచే కదా లెక్కపెట్టడం మొదలయ్యేది. పెన్సిల్‌ను స్కేలు మీద 3 దగ్గర నుంచి 9 దాకా ఉండేలా పెట్టి పొడవు అడగండి. 9 అంటే చివరి అంకె చదువుతున్నారు, 7 అంటే గీతలు లెక్కపెడుతున్నారు, 6 అంటే గీతల మధ్య ఖాళీలు లెక్కపెడుతున్నారు. కొలత అంటే ఆ ఖాళీలే. ఒక్కో సెంటీమీటరు ఖాళీకి పెన్సిల్‌తో రంగు వేయిస్తే తేలిపోతుంది. బిందువు, రేఖాఖండం, కిరణం, రేఖ తేడాలు రెండు నిమిషాల పని: రెండు చివరలూ ఉంటే రేఖాఖండం, ఒక చివర మాత్రమే ఉండి రెండో వైపు సాగిపోతే కిరణం, రెండు వైపులా సాగిపోతే రేఖ.

ఏటవాలుగా గీసిన చతురస్రాన్ని చూసి పిల్లలు డైమండ్ అంటారు. పుస్తకాల్లో చతురస్రం ఎప్పుడూ కింద అంచు మీద కూర్చునే ఉంటుంది కాబట్టి అలా కూర్చుంటేనే చతురస్రం అని వాళ్లు అనుకుంటారు. ఒక చతురస్రాన్ని అట్టలో కత్తిరించి చేతికిచ్చి, నెమ్మదిగా తిప్పమనండి, ఎప్పుడు దాని పేరు మారిందో చెప్పమనండి. భుజాలు మారలేదు, మూలలు మారలేదు. పేరు ఎందుకు మారాలి? దాని పక్కన ఒక కాజూ బర్ఫీ పెట్టి చూపిస్తే ఇంకా బాగుంటుంది: దానికీ నాలుగు భుజాలూ సమానమే, కానీ మూలలు లంబకోణాలు కావు, కాబట్టి అది చతురస్రం కాదు. త్రిభుజాలు కూడా సన్నగా, పొడుగ్గా, తలకిందులుగా రకరకాలుగా గీసి చూపించండి.

కోణాలకు ముందు లంబకోణం ఒకటి చేతిలో ఉండాలి. ఏ కాగితమైనా సరే, అంచులు చిరిగిపోయినది అయినా సరే, ఒకసారి మడిచి, ఆ మడత మీద మడత కచ్చితంగా కలిసేలా ఇంకోసారి మడిస్తే వచ్చే మూల లంబకోణం. దాన్ని పట్టుకుని ఇల్లంతా తిరగమనండి. తలుపు మూల, పుస్తకం మూల, కిటికీ. దానికంటే చిన్నది అల్పకోణం, పెద్దది అధిక కోణం. భుజాలు పొడుగ్గా గీస్తే కోణం పెద్దదైపోయిందని పిల్లలు అనుకుంటారు, అందుకే పొట్టి భుజాలతో ఒక అధిక కోణం, పొడుగు భుజాలతో ఒక అల్పకోణం గీసి ఏది పెద్దదో అడగాలి. గడియారం ముల్లుల మధ్య కోణాలు కూడా అడగొచ్చు: సరిగ్గా మూడు గంటలకు 90 డిగ్రీలు, ఒంటిగంటకు 30.

కోణాలు కొలిచే ప్రొట్రాక్టర్ మీద రెండు వరసల అంకెలుంటాయి, 60 ఉన్న చోటే 120 కూడా ఉంటుంది. ఏది చదవాలో తెలియక అల్పకోణానికి 120 రాసేస్తారు. కొలిచే ముందు కాగితం మూల పక్కన పెట్టి, చిన్నదా పెద్దదా చెప్పించండి. చిన్నది అన్నాక 120 రాయరు. (మీ వీధిలో ఇల్లు కడుతుంటే మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్లండి. తాడుతో ఒక వైపు 3 అడుగులు, ఇంకో వైపు 4 అడుగులు కొలిచి, ఆ రెండు చివరల మధ్య సరిగ్గా 5 అడుగులు వస్తేనే మూల సరిగ్గా ఉన్నట్టు చూసుకుంటారు. లంబకోణం పుస్తకంలోది కాదు, గోడది అని పిల్లలకు అప్పుడు తెలుస్తుంది.)

చుట్టుకొలత, వైశాల్యం

ఐదో తరగతి పిల్లలు ఎక్కువగా కలిపేసేది వీటినే. సూత్రాలు రెండూ వస్తాయి, ఏది ఎప్పుడు వాడాలో తెలియదు. కాబట్టి కొన్నాళ్లు సూత్రాలు పక్కన పెట్టండి.

పన్నెండు అగ్గిపుల్లలు ఇచ్చి, అన్నీ వాడుతూ దీర్ఘచతురస్రాలు చేయించండి. పొడవు 5 వెడల్పు 1, పొడవు 4 వెడల్పు 2, నాలుగు వైపులా మూడేసి. మూడింటికీ చుట్టుకొలత 12 పుల్లలే. లోపల ఎన్ని గళ్లు పడతాయి? 5, 8, 9. ఇప్పుడు తిరగేయండి: గళ్ల కాగితం మీద సరిగ్గా 12 గళ్లు ఉండే దీర్ఘచతురస్రాలు గీయించండి, చింతపిక్కలు పేర్చినట్టే. 12 × 1 చుట్టుకొలత 26, 6 × 2 చుట్టుకొలత 16, 4 × 3 చుట్టుకొలత 14. ఒకటి మారకుండానే ఇంకోటి మారుతుందని ఈ రెండు ఆటల్లో కళ్లారా చూశాక, రెండూ ఒకటే అనుకునే అవకాశం తగ్గుతుంది.

తర్వాత వాకిట్లోకి రండి. సుద్దముక్కతో మూడు అడుగుల పొడవు, మూడు అడుగుల వెడల్పు ఒక చతురస్రం గీయండి. గజం అంటే మూడు అడుగులు కదా, అంటే ఇది ఒక చదరపు గజం. ఇందులో చదరపు అడుగులు ఎన్ని? చాలామంది మూడు అంటారు. లోపల అడుగు అడుగుకూ గీతలు గీయించి లెక్కపెట్టిస్తే తొమ్మిది. ఇక్కడ ఇంకొంచెంసేపు ఆగండి, ఎందుకంటే స్థలాల గురించి ఇంట్లో మాట్లాడుకునేదంతా ఈ గజాల్లోనే. 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు ఉన్న ప్లాటు 1,800 చదరపు అడుగులు, 9తో భాగిస్తే 200 గజాలు. చుట్టూ ప్రహరీ కట్టాలంటే గోడ పొడవు 180 అడుగులు. గోడకు చుట్టుకొలత, స్థలం ధరకు వైశాల్యం. ఆసక్తి ఉన్న పిల్లలైతే ఇంకొంచెం ముందుకు వెళ్లొచ్చు: ఎకరం 4,840 చదరపు గజాలు, ఆంధ్రలో దాన్ని 100 సెంట్లు చేస్తారు, తెలంగాణలో 40 గుంటలు చేస్తారు. మరి సెంటు ఎన్ని గజాలు, గుంట ఎన్ని గజాలు? 48.4, 121. తాతయ్యతో కూర్చోబెట్టి చేయించండి, ఆయనకు నోటికి వచ్చి ఉంటుంది.

ఘనాకారాలకు ఎక్కువ టైం వద్దు. అగ్గిపెట్టె దీర్ఘఘనం, పౌడర్ డబ్బా స్థూపం, ఐస్‌క్రీమ్ కోన్ శంఖువు, బంతి గోళం. అగ్గిపెట్టెకు ముఖాలు 6, అంచులు 12, మూలలు 8, చేత్తో తడుముతూ లెక్కపెట్టాలి. టూత్‌పేస్ట్ అట్టపెట్టెను అతికించిన చోట విప్పి పరిచి, మళ్లీ మడిచి పెట్టె చేయమనండి. సౌష్ఠవానికి, అంటే రెండు సగాలూ ఒకేలా ఉండడానికి, చుక్కల ముగ్గు ఉంది: ముగ్గు మధ్యలో అద్దం నిలువుగా పెడితే మిగతా సగం అద్దంలో పూర్తవ్వాలి. అన్ని ముగ్గులకూ అవ్వదు, మెలికల ముగ్గుల్లో కొన్నిటికి అద్దం ఎటు పెట్టినా కుదరదు కానీ తిప్పితే మాత్రం అలాగే కనిపిస్తాయి. అవి వెతకడం పిల్లలకు మంచి పని.

రోజు ఎలా గడపాలి

అరగంటలో మొదటి ఐదు నిమిషాలు నోటి లెక్కలు, ఎక్కాల చీటీలు. తర్వాత ఒకే ఒక్క విషయం, ముందు వస్తువులతో, తర్వాత బొమ్మ గీసి, ఆ తర్వాతే అంకెలతో. చివర్లో మూడు నాలుగు లెక్కలు కాగితం మీద, అందులో ఒకటి రెండు మూడు రోజుల కిందట చేసినదానిలోంచి. అలా వెనక్కి వెళ్లకపోతే సోమవారం వచ్చింది శుక్రవారానికి జారిపోతుంది. లెక్కలు మీరు ఇవ్వడమే కాకుండా, ఒక్కోసారి వాళ్లనే మీకు ఒక లెక్క ఇవ్వమనండి, మీరు కావాలని వాళ్ల పాత తప్పే చేసి చూపించండి, పట్టుకుంటే అర్థమైనట్టే.

తప్పు వచ్చినప్పుడు ఎర్ర పెన్ను తీయకండి, చెరిపించకండి. పక్కనే కొత్తగా చేయించి, రెండూ పక్కపక్కన ఉండనివ్వండి. పక్కింటి పిల్లాడితో పోల్చడం, "ఇది కూడా రాదా" అనడం అస్సలు వద్దు, ఆ మాట పడ్డ పిల్ల మళ్లీ తన పద్ధతి మీకు చెప్పదు, దాచుకుంటుంది. కంటిచూపు సరిగ్గా లేక 6, 8, 3, 5 తారుమారు చేసే పిల్లలు కూడా ఉంటారు, బోర్డు మీదవి తప్పు ఎక్కించుకోవడం ఎక్కువగా ఉంటే ఒకసారి కళ్లు చూపించండి.

చేసినవన్నీ ఒక కాగితం మీద తేదీలతో రాసి పెట్టుకోండి: ఏది గట్టిపడింది, ఏది ఇంకా పుల్లలు లేకుండా రావడం లేదు, ఎక్కాల చీటీల్లో ఏవి మిగిలాయి. బడి తెరిచిన మొదటి వారంలో ఆ కాగితం తీసుకెళ్లి టీచరుకు చూపించండి. "మా వాడు లెక్కల్లో వీక్ అండీ" అని చెబితే టీచరు చేయగలిగింది పెద్దగా ఉండదు. "మధ్యలో సున్నా ఉన్న తీసివేత ఇంకా పుల్లలతోనే చేస్తున్నాడు, 6 × 7, 7 × 8 రావట్లేదు, ప్రొట్రాక్టర్ చదవడం వచ్చేసింది" అని చెబితే ఆ మర్నాటి నుంచే ఎక్కడ చూడాలో వాళ్లకు తెలుస్తుంది.